పత్తి ప్యాకెట్టులో దాగిన 1,250 రూపాయలు: మనం సంతకం పెట్టని ఒప్పందం కథ



ఈ మధ్య ఊళ్లలో ఏ రచ్చబండ దగ్గర చూసినా ఏదో ఒక సర్వీసు స్కీము మాటే. డ్రోనుతో మందు కొట్టే ప్యాకేజీ, డ్రిప్పు మెయింటెనెన్సు, సోలారు మోటారుకి ఏడాది సర్వీసు, ఫోనులో పంట సలహాలు. చేరేటప్పుడు ఒక రేటు చెబుతారు. రెండో నెలలోనో మూడో నెలలోనో ఇంకో రేటు బయటకొస్తుంది. బయటికి పోతామంటే "అగ్రిమెంటు చదవలేదా" అంటారు. ఇది ఇవాళ పుట్టిన రోగం కాదు. మన గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పత్తి వేసిన ప్రతి రైతూ ఇలాంటి ఒప్పందంలోనే కొన్నేళ్లు ఉన్నాడు. విచిత్రం ఏంటంటే ఆ ఒప్పందం మీద మనలో ఒక్కడూ సంతకం పెట్టలేదు. ఆ కథ మొదటి నుంచీ చెబుతాను. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి. చివర్లో ఇవాళ మనకి పనికొచ్చే మాటలు కూడా ఉన్నాయి.

ముందు పాత సంగతి ఒకటి. చెప్పకుండా కోసుకునే డబ్బు మన జిల్లాలకి కొత్తేం కాదు. తాతల కాలంలో సరుకు అమ్మబోతే తరుగు, మచ్చు, కాటా కూలి, కమీషను, ఆ పైన దర్మం పేరు చెప్పి ఇంకొంత. బేరం ఆడిన ధర ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి. బ్రిటిషు వాళ్ల కాలంలో లిన్‌లిత్‌గో అధ్యక్షుడిగా వేసిన వ్యవసాయ రాయల్ కమిషన్ 1928లో ఇచ్చిన నివేదికలో ఈ అంగళ్ల కోతలు కూడా ఎక్కాయి. అంగళ్లను చట్టం కిందికి తేవాలని అది సిఫారసు చేసింది. మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. పత్తి, పొగాకు లాంటి పంటల అమ్మకం మార్కెట్ కమిటీల పర్యవేక్షణలోకి రావడానికి దారి అదే. తర్వాత మన రాష్ట్రానికి 1966 మార్కెట్ల చట్టం వచ్చింది. ఇవాళ గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు దించినప్పుడు ఏ కోత ఎంతో అడిగే హక్కు మనకుందంటే దాని వెనక ఇంత చరిత్ర ఉంది.

అంటే అమ్మేచోట కోతలకి ఒక కట్టడి వచ్చింది. కొనేచోట దాగిన కోత సంగతి మాత్రం చాలా కాలం ఎవరికీ పట్టలేదు. మన కథ అక్కడిది.

పురుగు మన మెడకి ఎలా చుట్టుకుంది

1970లో గుజరాత్ నుంచి హెచ్-4, 1972లో కర్ణాటక నుంచి వరలక్ష్మి. ఈ హైబ్రిడ్లు వచ్చాక పత్తి రూపమే మారిపోయింది. కోస్తా నుంచి వెళ్లిన మనోళ్లు కౌలుకి నేల పట్టి ఎక్కడెక్కడో పత్తి సాగు చేశారు. దిగుబడి పెరిగింది, దాంతోపాటే పురుగూ పెరిగింది. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో ఒక్క పిచికారీకి చేను శుభ్రం. మనోళ్లు వారానికోసారి కొట్టడం మొదలెట్టారు. ఈ మందుల దెబ్బకి మిత్ర పురుగులు పోయాయి, తెల్లదోమ విజృంభించింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి తుడిచిపెట్టుకుపోయింది. అప్పులు తీర్చలేక పురుగుమందే తాగి చనిపోయిన రైతుల వార్తలు రాష్ట్రమంతా వినడం అప్పుడే మొదలు. చనిపోయినవాళ్లలో కౌలుదార్లు ఎక్కువ. పదేళ్ల తర్వాత 1997-98లో వరంగల్ వైపు శనగపచ్చ పురుగు అదే పని చేసింది.

ఈ నేపథ్యం మర్చిపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మందుల కొట్టులో ఖాతా పెరిగిపోయి, పిచికారీ చేసి చేసి విసిగిపోయిన రైతుకి "పురుగుని చెట్టే చంపుతుంది" అని ఎవరైనా చెబితే ధర అడుగుతాడా? అడగడు. అడగలేదు కూడా.

2002లో ఏం కొన్నాం

అమెరికా కంపెనీ మోన్‌శాంటో, మహారాష్ట్రలోని జాల్నాకి చెందిన మహికో కలిసి సగం సగం వాటాలతో మహికో మోన్‌శాంటో బయోటెక్ అనే కంపెనీ పెట్టుకున్నాయి. 2002 మార్చి 26న కేంద్రంలోని జన్యు ఇంజనీరింగు ఆమోద కమిటీ మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకి అనుమతి ఇచ్చింది: మెక్-12, మెక్-162, మెక్-184. మన దేశంలో సాగుకి అనుమతి వచ్చిన మొదటి జన్యుమార్పిడి పంట ఇదే.

ఎకరాకి సరిపోయే 450 గ్రాముల ప్యాకెట్టు, దాంతో చుట్టూ గట్టువెంట వేసుకోవడానికి 120 గ్రాముల మామూలు విత్తనం. ధర 1,600 రూపాయలు. అప్పటికి మామూలు హైబ్రిడ్ పత్తి విత్తనం మూడు నాలుగు వందలకి దొరుకుతుండేది. అయినా కొన్నాం. మందు ఖర్చు తగ్గుతుందనే లెక్కతో కొన్నాం. శనగపచ్చ పురుగు మీద మందు తగ్గిన మాట నిజమే, కాదనకూడదు. కానీ మొదట అనుమతి పొందిన ఆ మూడు రకాలూ మన నేలలో సరిగా నిలబడలేదు. 2005 మేలో అదే కమిటీ ఆ మూడింటినీ ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకూడదని తేల్చింది. ఆలోపు ఇతర విత్తన కంపెనీలు కూడా అదే జన్యువుని లైసెన్సుకి తీసుకుని తమ హైబ్రిడ్లలో పెట్టుకున్నాయి. ధర మాత్రం ఎవరిదైనా ఒకటే ఎత్తులో ఉంది.

ఎందుకు ఒకటే ఎత్తు? అసలు కిటుకు ఇక్కడుంది.

1,850లో 1,250

2005-06 నాటికి ప్యాకెట్టు 1,850 రూపాయలు. అందులో 1,250 రూపాయలు విత్తనానిది కాదు. అది "ట్రెయిట్ వాల్యూ", అంటే ఆ జన్యు లక్షణానికి కట్టే రుసుము. విత్తనం పండించిన రైతుకీ, ప్రాసెసింగుకీ, రవాణాకీ, డీలరుకీ, విత్తన కంపెనీ లాభానికీ అన్నిటికీ కలిపి మిగిలేది 600.

విత్తన కంపెనీలు మహికో మోన్‌శాంటోతో సబ్‌లైసెన్సు ఒప్పందాలు రాసుకున్నాయి. ముందుగా 50 లక్షలు కట్టాలి, ఆ తర్వాత అమ్మిన ప్రతి ప్యాకెట్టు మీదా రుసుము కట్టాలి. కట్టేది విత్తన కంపెనీ అని కాగితం చెబుతుంది. నిజంగా కట్టింది ఎవరు? డీలరు కౌంటర్లో నోట్లు లెక్కపెట్టినవాడు. ఆ ఒప్పందంలో మన పేరు లేదు, మన సంతకం లేదు, మన బిల్లులో ఆ రుసుము అనే వరస కూడా లేదు. బిల్లు మీద రాసేది ఒకటే: విత్తనం ప్యాకెట్టు ఒకటి, 1,850.

లెక్క వేసుకోండి. ఎకరాకి ఒక ప్యాకెట్టు చొప్పున ఐదెకరాల రైతు ఒక్క ఖరీఫుకి ఈ రుసుము కింద 6,250 రూపాయలు కట్టాడు. మొలక రాక రెండోసారి నాటితే రెండోసారి కూడా కట్టాడు. వాన పడక చేను ఎండినా కట్టిన రుసుము వెనక్కి రాదు. పురుగు అసలు రాని ఏడాది కూడా అంతే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ రైతు చేత టెక్నాలజీ అగ్రిమెంటు మీద సంతకం పెట్టిస్తారు. పండిన గింజ మళ్లీ విత్తనంగా వాడనని ఒప్పుకుంటాడు. ఇండియానా రాష్ట్రంలో బౌమన్ అనే సోయా రైతు ఎలివేటర్‌లో తిండిగింజలుగా అమ్మే సోయా కొని నాటుకున్నందుకు కేసు నడిచి, 2013 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా మోన్‌శాంటో వైపే తీర్పిచ్చింది. ఆయన మీద పడిన పరిహారం 84 వేల డాలర్ల పైమాటే. కఠినమే, కాకపోతే అక్కడ రైతుకి తాను దేనికి కడుతున్నాడో తెలుసు. మన దగ్గర చట్టం వేరు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం మనకి విత్తనం దాచుకునే, నాటుకునే, పంచుకునే హక్కు ఇచ్చింది. బ్రాండు పేరుతో అమ్మడం మాత్రమే కూడదు. కానీ హైబ్రిడ్ గింజ దాచుకుంటే మరుసటేడు అదే పంట రాదు కదా. అందుకే కంపెనీకి మన సంతకంతో పని పడలేదు. ప్రతి ఏడాదీ కొట్టు దగ్గరికి మనమే వెళ్తాం.

ఇంకో సంగతి. మొదటి తరం బోల్‌గార్డ్‌లో ఉన్న ఆ జన్యువుకి మన దేశంలో పేటెంటే లేదు. పేటెంటు ఉన్నది తర్వాత 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2కి. అంటే పేటెంటు లేని వస్తువుకి ఏడాదేడాదీ రుసుము కట్టాం.

2006: తలుపు తట్టింది ఎవరు, ఏ తలుపు

అప్పుడు రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం. వ్యవసాయ మంత్రి ఎన్. రఘువీరారెడ్డి, వ్యవసాయ కమిషనర్ పూనం మాలకొండయ్య. ధర తగ్గించమని విత్తన కంపెనీలని అడిగితే, ఎక్కువ భాగం మా చేతిలో లేదు, రుసుముగా పైకి పోతోంది అన్నాయి. ఆ రుసుము సంగతి అలా గట్టిగా బయటికొచ్చింది.

ప్రభుత్వం చేసిన తెలివైన పని ఏంటంటే, దీన్ని విత్తనం నాణ్యత కేసుగానో, ఒప్పందం కేసుగానో పెట్టలేదు. ఒప్పందం అని వెళ్తే "మీరు అందులో పార్టీ కాదు" అనేవాళ్లు. 2006 మొదట్లో ఢిల్లీలోని గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల కమిషన్‌కి, అంటే ఎంఆర్‌టీపీసీకి వెళ్లారు. వాదన సూటిగా ఉంది: ఈ జన్యువు అమ్మేది ఒక్కడే. వేరే దారి లేదు కాబట్టి ఇష్టమొచ్చిన ధర పెట్టాడు. ఇదే జన్యువుకి అమెరికా రైతు దగ్గర అదే లెక్కన నూరు రూపాయల చిల్లర తీసుకుంటున్నాడు, చైనాలో అంతకన్నా తక్కువ, ఇక్కడ 1,250.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. పరిశోధనకి ఏళ్ల తరబడి ఖర్చు పెట్టాం, రైతుకి మందు ఖర్చు ఇంత మిగులుతోంది, అందులో కొంత భాగమే మేం తీసుకుంటున్నాం అంది. అంటే ఖర్చుని బట్టి కాదు, మనకి మిగిలేదాన్ని బట్టి ధర పెట్టామని వాళ్ల నోటితోనే చెప్పినట్టయింది. కేసు నడుస్తుండగానే 1,250 కాస్తా 900కి దిగింది. కోర్టు మెట్లెక్కగానే 350 తగ్గగలిగిన రుసుము అంతకుముందు ఎందుకు తగ్గలేదో మీరే ఆలోచించండి.

2006 మే 11న కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 900 కూడా వసూలు చేయొద్దు, చైనా లాంటి పొరుగు దేశాల్లో తీసుకుంటున్నదాన్ని చూసి న్యాయమైన రుసుము పెట్టమంది. ఆ నెలాఖరుకి రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు మొత్తం ధరే 750 దాటకూడదని ఆదేశించింది. ఇది గట్టి దెబ్బ. ప్యాకెట్టే 750 అయినప్పుడు అందులో 900 రుసుము ఎక్కడ పెడతారు? కంపెనీ సుప్రీంకోర్టుకి పోయింది. స్టే ఇవ్వడానికి కోర్టు ఒప్పుకోలేదు. ఆ ఖరీఫులో మనోళ్లు 750కే కొన్నారు. బోల్‌గార్డ్-2కి 925 పెట్టారు. మహారాష్ట్ర, గుజరాత్, తమిళనాడు లాంటి రాష్ట్రాలు మన వెనకే నడిచాయి.

ఐదెకరాల రైతుకి ఆ ఒక్క ఏడాదిలో మిగిలింది 5,500 రూపాయలు. 2006లో ఆ డబ్బు విలువ ఎంతో ఆ ఏడాది కూలి ఇచ్చినవాళ్లకి తెలుసు.

గెలిచింది జారిపోబోయిన వైనం

కథ అక్కడితో అయిపోలేదు. నిత్యావసర సరుకుల చట్టానికి 2006లో సవరణ తెచ్చారు. దాంతో పత్తి విత్తనం ఆ జాబితాలోంచి తప్పిపోయింది. అంటే ధర కట్టడి చేసే అధికారం రాష్ట్రాల చేతిలోంచి జారింది. మన రాష్ట్రం ఊరుకోకుండా 2007లో పత్తి విత్తనాల సరఫరా, పంపిణీ, అమ్మకం, ధర నిర్ణయానికి సొంత చట్టమే చేసుకుంది. 2009 చివర్లో కేంద్రం మళ్లీ పత్తి విత్తనాన్ని నిత్యావసరాల్లో చేర్చింది. కోర్టులో గెలిచినా దాన్ని కాగితంలో బిగించుకోకపోతే నిలవదని ఈ మూడేళ్లు చూపించాయి.

తర్వాత ధరలు కొంత దిగి 650, 750 అయ్యాయి, మళ్లీ ఎక్కి 830, 930 అయ్యాయి. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ఒకే పత్తి విత్తనాల ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016 మార్చిలో మొదటిసారి ధరని విడదీసి ప్రకటించారు: బోల్‌గార్డ్-2 ప్యాకెట్టు 800, అందులో విత్తనం విలువ 751, రుసుము 49. మొదటి తరం బోల్‌గార్డ్‌కి 635, రుసుము సున్నా. నా దృష్టిలో ఈ మొత్తం కథలో మేలైన మలుపు ఇదే. 2002 నుంచి ప్యాకెట్టు లోపల దాగిన అంకె పద్నాలుగేళ్లకి గెజిట్ మీద విడి వరసలో కనపడింది.

సంతకం పెట్టినవాళ్లు ఎలా బయటపడ్డారు

ఇప్పటిదాకా సంతకం పెట్టని మన సంగతి. పెట్టినవాళ్ల సంగతి కూడా చూద్దాం, అందులోనూ మనకి పాఠం ఉంది.

నూజివీడు పేరు మోస్తున్న నూజివీడు సీడ్స్ దేశంలో పెద్ద పత్తి విత్తన కంపెనీల్లో ఒకటి. 2004లో ఒప్పందం రాసుకుంది, 2015లో మళ్లీ రాసుకుంది. ప్రభుత్వాలు నిర్ణయించిన రుసుము తక్కువ, ఒప్పందంలో రాసుకున్నది ఎక్కువ. ప్రభుత్వం చెప్పినంతే కడతామని కంపెనీ పట్టుబట్టింది. 2015 నవంబరులో మహికో మోన్‌శాంటో ఒప్పందం రద్దు చేసింది. 2016 ఫిబ్రవరిలో కేసు ఢిల్లీ హైకోర్టుకి ఎక్కింది. అదే నెలలో, ఎంఆర్‌టీపీసీ స్థానంలో వచ్చిన కాంపిటీషన్ కమిషన్ కూడా ఈ లైసెన్సు షరతుల మీద విచారణకి ఆదేశించింది.

2017 మార్చిలో సింగిల్ జడ్జి ఒప్పందం రద్దు చెల్లదన్నారు, రుసుము ప్రభుత్వం నిర్ణయించినట్టే కట్టమన్నారు. 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచ్ ఇంకా ముందుకెళ్లి అసలు పేటెంటే చెల్లదంది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ డివిజన్ బెంచ్ తీర్పుని పక్కనపెట్టి, పేటెంటు సంగతి సాక్ష్యాలతో విచారించి తేల్చమని వెనక్కి పంపింది. సింగిల్ జడ్జి ఉత్తర్వు మళ్లీ అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది నవంబరుతో ఆ పేటెంటు గడువే తీరిపోయింది. మోన్‌శాంటోని అప్పటికే జర్మనీ కంపెనీ బేయర్ కొనేసింది. 2021 మార్చిలో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి.

లాయర్లున్న, డబ్బున్న పెద్ద కంపెనీకే ఒప్పందంలోంచి బయటపడటానికి ఐదేళ్లు పట్టింది. చివరికి తీర్పు కూడా కాదు, రాజీ. ఇది గుర్తుపెట్టుకోండి.

సేవ ఆగింది, రుసుము ఆగలేదు

మనం ఈ రుసుము కట్టింది దేనికి? పురుగు నుంచి కాపాడే సేవకి. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి తరం బోల్‌గార్డ్‌ని తట్టుకుంటోందని కంపెనీయే ఒప్పుకుంది. 2015 తర్వాత బోల్‌గార్డ్-2ని కూడా తట్టుకుంటోందని పరిశోధన సంస్థలు తేల్చాయి. కాయ విప్పి చూస్తే లోపల పురుగు, గుడ్డి పత్తి. మన చేలల్లో మళ్లీ లింగాకర్షక బుట్టలు, మళ్లీ మందు. 2018లో ప్యాకెట్టు 740, రుసుము 39. 2019లో 730, రుసుము 20. పని చేయని కాపలాకి ఇంకా జీతం ఇస్తూనే ఉన్నాం.

2020లో రుసుము సున్నా అయింది. ఇక్కడొక చిన్న లెక్క చూడండి. 2019లో విత్తనం 710, రుసుము 20, మొత్తం 730. 2020లో రుసుము సున్నా, మొత్తం ధర మాత్రం అదే 730. రుసుము పోయింది గానీ ఆ 20 రూపాయలు రైతు జేబులోకి రాలేదు, విత్తనం విలువలో కలిసిపోయాయి. ఆ తర్వాత 2021లో 767, 2022లో 810, 2023లో 853, 2024లో 864, 2025లో 901. రుసుము తీసేశాం అని ఎవరైనా చెబితే సంతోషించండి, కానీ మొత్తం ఎంతయిందో కూడా అడగండి.

రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ధర కట్టడి చేస్తే కొత్త టెక్నాలజీ రాదని కంపెనీలు అన్నాయి. 2016లో మహికో కలుపుమందు తట్టుకునే తర్వాతి తరం పత్తి దరఖాస్తుని వెనక్కి తీసుకుంది కూడా. దాని ఫలితం ఏంటంటే, అనుమతి లేని కలుపుమందు పత్తి దొంగచాటుగా మన రాష్ట్రంలోకీ వచ్చింది. దానికి బిల్లు లేదు, లాట్ నంబరు లేదు, మోసపోతే అడగడానికి మనిషి లేడు. ఎంత చౌకగా దొరికినా దాని జోలికి పోవద్దని నా మాట.

మిర్చి రైతులు ఇంకో సంగతి గమనించాలి. ఈ ధర నియంత్రణ అంతా పత్తికే. హైబ్రిడ్ మిర్చి విత్తనానికి ఇలాంటి కట్టడి లేదు. పది గ్రాముల ప్యాకెట్టులో విత్తనం విలువ ఎంత, పేరుకి కట్టేది ఎంత అని విడదీసి చెప్పే గెజిట్ లేదు. పత్తిలో 2006లో వేసిన ప్రశ్న మిర్చిలో ఇంకా ఎవరూ గట్టిగా వేయలేదు.

మరి ఇవాళ మనం ఏం చేయాలి

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, మీ దగ్గరకొచ్చే సర్వీసు అగ్రిమెంటుకి కూడా ఇదే వరస పనికొస్తుంది.

మొదటిది, ధరని విడదీయించండి. "అంతా కలిపి ఇంత" అంటే ఒప్పుకోవద్దు. సర్వీసుకి ఎంత, స్పేర్లకి ఎంత, మనిషి వచ్చిన ప్రతిసారీ ఎంత, జీఎస్టీ ఎంత, మధ్యలో మానేస్తే ఎంత అని కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పింది వాట్సాపులో పెట్టమనండి.

రెండోది, చట్టం మన వైపు ఎక్కడుందో, ఎక్కడ లేదో తెలుసుకోండి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒక సంగతి తెలిసీ కావాలని కప్పిపెట్టి ఒప్పందం చేయించుకుంటే అది మోసం కిందికి వస్తుంది. మోసపోయినవాడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. అవతలివాడు చెప్పకుండా ఊరుకున్నా, మామూలు జాగ్రత్తతో మీరే తెలుసుకోగలిగి ఉంటే రద్దు కుదరకపోవచ్చు. కాగితంలో ఆ రుసుము రాసి ఉంది, మీరు చదవలేదు అంటే ఇబ్బందే. కాబట్టి చదవండి. ఇంగ్లీషులో ఉంటే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి, సంతకం మర్నాడు పెట్టొచ్చు.

మూడోది, రైతు కూడా వినియోగదారుడే. ఇది మన తెలుగు రైతులే గెలిచిపెట్టిన మాట. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన మన రాష్ట్ర రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. అగ్రిమెంటులో మధ్యవర్తిత్వం క్లాజు ఉంది కాబట్టి ఫోరానికి రాకూడదని, విత్తనం పండించి అమ్ముతారు కాబట్టి వాళ్లు వినియోగదారులే కాదని కార్పొరేషన్ వాదించింది. 2012 జనవరి 16న సుప్రీంకోర్టు రెండు వాదనలూ కొట్టేసింది. కొన్న విత్తనమంతా రైతు చేలోనే వేస్తాడు గానీ పరీక్ష కోసం దాచిపెట్టుకోడు కదా అని కూడా చెప్పింది. అగ్రిమెంటు చివర్లో "వివాదాలు ఫలానా ఊరి మధ్యవర్తి దగ్గరే" అని ఉందని భయపడి ఊరుకోవద్దు.

నాలుగోది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ఇది 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఇందులో "అన్యాయమైన ఒప్పందం" అనే మాటకి అర్థం రాశారు. మరీ ఎక్కువ డిపాజిట్ అడగడం, చిన్న తప్పుకి పెద్ద జరిమానా, కారణం లేకుండా ఒకవైపు నుంచే రద్దు చేసుకునే హక్కు, మోయలేని అన్యాయమైన చార్జీ ఇవన్నీ అందులోకి వస్తాయి. ఒప్పందమే అన్యాయమైనది అని తేల్చమంటే రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. సేవ సరిగా లేదు, చెప్పని డబ్బు తీసుకున్నారు అనే ఫిర్యాదుకి జిల్లా కమిషన్ చాలు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. ముందు 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలావరకు అక్కడే కదలిక వస్తుంది.

ఫోనులో యాప్ ద్వారా చేరినవాళ్లకి ఇంకో రక్షణ ఉంది. మొదట తక్కువ ధర చూపించి చివర్లో ఒక్కో చార్జీ కలపడాన్ని "డ్రిప్ ప్రైసింగ్" అంటారు. మన డ్రిప్పులాగే చుక్క చుక్కగా, కాకపోతే ఇక్కడ తడిసేది మన జేబు. చేరడం తేలిక, మానేయడం కష్టం చేసేదాన్ని "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అంటారు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ రెండింటినీ, ఇంకొన్నిటినీ నిషేధించే మార్గదర్శకాలు ఇచ్చింది.

ఐదోది, బయటపడే పద్ధతి. చెప్పని రుసుము కనపడిన రోజే రాతలో అడగండి: ఇది అగ్రిమెంటులో ఎక్కడుందో చూపించండి అని. జవాబు రాకపోతే ఫలానా తేదీ నుంచి ఒప్పందం వద్దని స్పీడ్ పోస్టులో లెటరు పంపండి. అక్నాలెడ్జిమెంటు దాచుకోండి. ఆ తర్వాతే బ్యాంకులో ఆటో డెబిట్ రద్దు చేయించండి. ముందే డబ్బు ఆపేసి ఊరుకుంటే బాకీదారుడని మిమ్మల్నే అంటారు. వాళ్లిచ్చిన సామాను ఏదైనా ఉంటే తిరిగి తీసుకెళ్లమని అదే లెటరులో రాయండి. ఒకపక్క వద్దంటూ ఇంకోపక్క సర్వీసు వాడుకుంటే మీ మాట చెల్లదు.

ఆఖరుది, ఒంటరిగా పోవద్దు. 2006లో మనలో ఎవరో ఒకరు ఒక ప్యాకెట్టు బిల్లు పట్టుకుని ఢిల్లీ వెళ్లి ఉంటే ఎవరూ వినేవాళ్లు కాదు. రాష్ట్రం మొత్తం కదిలింది కాబట్టే ఖరీఫు లోపల ధర దిగింది. అదే స్కీములో చేరినవాళ్లు మీ ఊళ్లో పదిమంది ఉంటే పదిమంది బిల్లులూ ఒకచోట పెట్టండి. ఒకే రకమైన ఇబ్బంది ఉన్నవాళ్లు కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది.

ఈ ఖరీఫుకి పత్తి విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ఎమ్మార్పీ చూడండి, అంతకన్నా రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు. లాట్ నంబరు వేసిన పక్కా బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్టు, బిల్లు రెండూ పంట అయిపోయేదాకా ఇంట్లో ఉండాలి. మీ దగ్గర ఏదైనా సర్వీసు అగ్రిమెంటు ఉంటే ఈ రాత్రి ఒకసారి బయటికి తీసి చార్జీల పేజీ చదవండి. అర్థం కాని వరస ఉంటే గీత గీసి పెట్టుకుని, ఎవరు అమ్మారో వాళ్లనే అడగండి.